సమానంగా పంచిన చేపలు

మంచిర్యాలలో మా తమ్ముడు రవి కట్టుకున్న కొత్త ఇంటికి ఈమధ్య పోయినప్పుడు, హాల్లో గోడకు ఆనించి ఉన్న ఖాళీ గాజు తొట్టి ముందు వాడు నన్ను నిలబెట్టాడు. "అక్కా, దీంట్ల ఆఫ్రికా చేపలు వేద్దామనుకుంటున్న. ఏ రంగుకు ఏ రంగు కలుస్తదో నువ్వే చెప్పాలె," అన్నాడు. నీటి పరీక్షల ప్రయోగశాలలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న దాన్ని కనుక ఆ ప్రశ్న నన్ను అడగడం సహజమే. నేను జవాబు మొదలుపెట్టబోతుండగా, సోఫాలో కూర్చున్న ఓదెలు కాక, అంటే మా బాపుకు సొంత తమ్ముడు, పెద్దగా నవ్వాడు. "చేపల ముచ్చట నన్నడుగుండ్రి. గోదావరిఖనిల మీ బాపుకు తొట్టి లేకుండెనా? ఉద్యమం అప్పుడు పంచుకున్నం గద. ఆంధ్ర చేపలు ఆంధ్రోళ్ళకు, మన చేపలు మనకు. ఇగ వాళ్ళింటికి పోయినయి వాటిని అయే సంపుకున్నయి!" గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. రవి కూడా నవ్వాడు. అప్పటికి వాడు బడికి పోయే పిల్లవాడు, వాడికి తెలిసింది అంతే.

నేను నవ్వలేదు. కాక చెప్పిన కథలో ఒక్క మాట కూడా సరైనది కాదు. ఆ తొట్టిలో ఆంధ్ర చేపలు లేవు, తెలంగాణ చేపలు లేవు. ఉన్నవన్నీ తూర్పు ఆఫ్రికాలోని ఒకే సరస్సుకు చెందిన జాతులు. అవి కూడా ఆ సరస్సును కంటితో చూడకుండా మన దేశంలోనే పెంపకం తొట్లలో పుట్టినవి. అవి ఒక్క ఇంట్లోనే కాదు, రెండు ఇళ్ళలోనూ చచ్చాయి. వాటిని చంపింది ఎవరి నీళ్ళూ కాదు, పంచిన పద్ధతి. బాపు బతికి ఉన్నంత కాలం ఈ ముచ్చటను ఇట్లా చెప్పే ధైర్యం కాకకు లేదు. బాపు పోయాడు కనుక ఇప్పుడది కాక కథ అయిపోయింది. కోపంలో రాసినది నిలవదంటారు. నా విషయంలో అది నిజం కాదు. కోపం వచ్చినప్పుడే నాకు వివరాలు పొల్లుపోకుండా గుర్తుకు వస్తాయి. అందుకే నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయాన్ని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది గని కార్మికులకు ఇచ్చిన జంట క్వార్టర్లలో ఒకటి. ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, ముందు ఒకే వరండా, ఆ వరండాను రెండు ముక్కలు చేస్తూ నడుమెత్తు అడ్డగోడ. తెల్లవారే షిఫ్టు సైరన్‌కు ముందే మా అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లో బొగ్గుల పొయ్యి ముట్టించేది. వీధిలోని పొయ్యిలన్నీ ఇంచుమించు ఒకేసారి రాజుకునేవి; గంధకం కలిసిన ఆ పచ్చి పొగ కాసేపు ఇళ్ళ మధ్యనే నిలిచిపోయి, తర్వాత మెల్లగా కదిలేది. పొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాకనే పొయ్యిని లోపలికి మోసుకుపోయేది. దండెం మీది బట్టలు, కిటికీ చువ్వలు, తులసి ఆకులు, అన్నింటి మీదా సన్నని నల్లని పొర. అటువంటి వీధిలో మా బాపు రాజయ్య మాత్రం డ్యూటీ నుంచి తెల్లగా వచ్చేవాడు. ఆయనది భూగర్భ గనిలో సున్నపురాయి పొడి చల్లే పని. దారుల్లో పేరుకున్న బొగ్గు ధూళి అంటుకుని మంట పరుగెత్తకుండా నేల మీద, గోడల మీద, కప్పు మీద ఆ తెల్ల పొడిని దట్టంగా పరుస్తారు. షిఫ్టు అయ్యేసరికి ఆయన కనుబొమ్మలు, చెవుల వంకలు, మీసాలు పిండి మరలో పనిచేసినవాడివి లాగా ఉండేవి. నీళ్ళు పోసుకున్నా చెవుల వెనుక గీతలాగా మిగిలిన తెలుపును అవ్వ తన కొంగుతో తుడిచేది. ఆయన పొందికగా మాట్లాడే మనిషి కాదు. అసలు మాట్లాడే మనిషే కాదు. ఇంటికి వచ్చాక ఏదో ఒకదాన్ని చూస్తూ ఊరికే కూర్చోవడం ఆయనకు కావాలి. తొట్టి రాకముందు వీధిని చూస్తూ కూర్చునేవాడు.

అడ్డగోడకు అవతల వెంకటరత్నం గారి కుటుంబం. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. గుంజీలు తీసినట్టు లేచి కూర్చుంటూ ఎప్పుడూ ఏదో ఒకటి బిగిస్తూ ఉండేవాడు. తొట్టి ఆలోచన ఆయనదే. అడ్డగోడలో నాలుగడుగుల మేర ఇటుకలు తీసి, ఆ ఖాళీలో యాంగిల్ ఇనుముతో స్టాండు నిలబెట్టి, రెండు ఇళ్ళకూ సమానంగా కనిపించేటట్టు తొట్టిని పెట్టించాడు. మోటారుకు, దీపానికి కరెంటు ఆయన ఇంటి నుంచి; నీళ్ళు, రాళ్ళు మా ఇంటి నుంచి. దీనికి ఎవరూ కాగితం రాసుకోలేదు. నేను అప్పుడు డిగ్రీలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. ఏ చేపలు కలిసి బతుకుతాయో తేల్చే పని నాకు అప్పగించారు. ఆ ఇంట్లో నా చదువుకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

మొదట్లోనే ఒక పొరపాటు జరిగింది. గనుల ఊళ్ళోనే జరగగల పొరపాటు అది. తొట్టిలో గుహలు కట్టడానికి బాపు తన గని నుంచి రాళ్ళు తెచ్చాడు. బొగ్గు పొర మీద ఉండే నల్లని రాయి, అందులో బంగారు రేకుల లాంటి మెరుపులు. దీపం వెలుగులో చాలా అందంగా ఉన్నాయి. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. కొన్ని వారాలకు, ప్రయోగంగా వేసిన నాలుగు చేపలు రంగు వెలిసి, మూలకు చేరి, మూతులు పైకెత్తి గాలి పీల్చడం మొదలుపెట్టాయి. నేను కళాశాల నుంచి పీహెచ్ కాగితం తెచ్చి ముంచి చూస్తే నీళ్ళు ఆమ్లంగా మారి ఉన్నాయి. ఆ మెరుపు బంగారం కాదు, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. నీళ్ళలో గాలి తగిలితే మెల్లగా ఆమ్లాన్ని వదులుతుంది. ఈ చేపల సరస్సు నీళ్ళు దానికి సరిగ్గా వ్యతిరేకం. గట్టివి, క్షారగుణం కలవి. రాళ్ళన్నీ తీయించి, సిమెంటు ఫ్యాక్టరీల వైపు దొరికే సున్నపురాళ్ళు పెట్టించాను. బాపు బట్టలు దులిపితే రాలే పొడి కూడా అదే సున్నపురాయి కనుక, కొంచెం పలుచని బట్టలో మూటగట్టి ఫిల్టరులో ఉంచాను. నీళ్ళు కుదురుకున్నాయి. "నా ఒంటి మీది దుమ్ము చేపలకు మందాయె," అని బాపు వీధిలో ఒకరిద్దరితో అన్నాడని విన్నాను. ఆయనకు అది పెద్ద ప్రసంగం.

తర్వాత చేపల ఎంపిక. దుకాణంలో రంగు చూసి వేలు పెట్టి చూపించడం ఎంపిక కాదు. ఈ మాట రవికీ చెప్పాను, మళ్ళీ ఇక్కడా చెబుతున్నాను. ఆ సరస్సు చేపల్లో నెమలిరంగులవి అన్నింటికంటే అందమైనవి. కానీ అవి నెమ్మదివి. వాటి తిండిలో పురుగు, రొయ్య ఎక్కువ. రాళ్ళ మధ్య పాచి కొరుక్కుతినే జాతులతో కలిపితే ఒకదానికి సరిపడే తిండి ఇంకోదాని పేగులను పాడుచేస్తుంది, తన్నులు అదనం. వెంకటరత్నం గారు హైదరాబాదు పోయినప్పుడు కెన్యి అనే రకాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. అందులో ఆడవి నీలం, మగవి పసుపు. "రెండు రంగులూ ఒకే జాతిలో వస్తాయమ్మా సుజాతా, ఎంత కలిసొస్తుందో చూడు," అని నన్ను ఒప్పించజూశాడు. నేను ఒప్పుకోలేదు. కెన్యి మగది తొట్టి మొత్తం తనదేనంటుంది. పైగా ఒళ్ళంతా పసుపుగా ఉండే ల్యాబ్ అనే ఇంకో రకాన్ని చూసి తన పోటీదారు అనుకుంటుంది. బయటివాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కని విషయం ఇదే: ఈ చేపలు తేడా వల్ల కొట్టుకోవు, పోలిక వల్ల కొట్టుకుంటాయి. ఒకే రంగు, ఒకే చారలు, ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్నదే వాటికి శత్రువు. కనుక ఒకదానితో ఒకటి పోలని నాలుగు శాంత స్వభావాలు కావాలి. పసుపు ల్యాబ్ ఒకటి. ఇటుక రంగులో ఊదా మెరిసే రస్టీ రెండోది. నీలి ఒంటికి పసుపు తోక ఉండి, రాళ్ళను వదిలి పై నీళ్ళలో గుంపుగా తిరిగే ఎసీ మూడోది. నాలుగోది మైంగానో, ముదురు నీలం మీద తల నుంచి తోక దాకా సాగిన చారలు. దాని స్వభావం కొంచెం వాడి. అది లేకుండా తొట్టికి కళ రాదని ఇద్దరు పెద్దవాళ్ళూ పట్టుబట్టారు. సరే అన్నాను, ఒక షరతు మీద: తొట్టి కిక్కిరిసి ఉండాలి. ఖాళీ ఉన్న తొట్టిలో బలమైన చేప ఒక్కదాన్నే పట్టుకుని తరుముతుంది. కిక్కిరిసిన తొట్టిలో దాని కోపం అందరి మీదా చెదిరిపోయి, ఎవరికీ ప్రాణాంతకం కాదు. ఒక్కో రకం ఆరు పిల్లల చొప్పున ఇరవై నాలుగు తెప్పించాం. కొన్నేళ్ళు అవి పెరిగి పెద్దవయ్యాయి. ఒక్క చావు లేదు.

ఆ తొట్టి చుట్టూ రెండు ఇళ్ళ దినచర్య తిరగడం మొదలైంది. ఈ చేపలకు ఆకుకూర కావాలి. అవ్వ కూరకు పెట్టిన పాలకూరలో నుంచి ఒక గుప్పెడు, ఉప్పు కారం పడకముందే విడిగా ఉడికించి, చల్లార్చి, గరిటెతో నలిపి ఇచ్చేది. "మొగనికి లేదు, పిల్లలకు లేదు, నీళ్ళల్ల ఉన్నోళ్ళకు చప్పటి కూర," అని ప్రతిసారీ అనేది, ప్రతిసారీ ఇచ్చేది. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు నేల అదిరి, నీటి మీద సన్నని వలయాలు లేచేవి. చేపలన్నీ ఒక్క దెబ్బకు రాళ్ళలో దాక్కుని, పసుపువి ముందుగా బయటికి తొంగి చూసేవి. సాయంత్రానికి నీటి మీద తేలే బొగ్గు ధూళి పొరను బాపు పాత కాగితం పరిచి ఎత్తేసేవాడు. ఎండాకాలం వెంకటరత్నం గారు తొట్టి చుట్టూ తడి గోనెలు కట్టి, చిన్న ఫ్యాను బిగించేవాడు. "మాకు లేదు కూలరు, వీటికి చలవ పందిరి," అని ఆయన భార్య ఇంట్లో నుంచి సన్నాయి నొక్కులు నొక్కేది. బాపూ వెంకటరత్నం గారూ తొట్టికి అటొకరు ఇటొకరు కూర్చునేవారు. నీళ్ళ మీదుగా ఒకరి ముఖం ఒకరికి ఊగుతూ కనిపించేది. మా బాపు తన జీవితంలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఉద్యమం వచ్చింది. నా పక్షం గురించి ఎవరికీ అనుమానం ఉండకూడదు కనుక చెబుతున్నాను: నేను రాష్ట్రం కోరుకున్నాను. రోడ్డు మీద వంట చేసుకుని తిన్నవాళ్ళలో నేనున్నాను, బాపు ఉన్నాడు. గనులన్నీ ఆగిపోయిన సమ్మెలో బాపు తెల్లపొడి అంటని ఒంటితో రోజంతా ఇంట్లో ఉండి, ఏం తోచక నాలుగుసార్లు తొట్టి అద్దాలు తుడిచేవాడు. ఓదెలు కాక శిబిరంలో ముందుండేవాడు, లాఠీ దెబ్బలు కూడా తిన్నాడు. అందుకు ఆయన పట్ల నాకు గౌరవం ఉంది, ఇప్పటికీ. అది వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపి కొలవడం నాకు చేతకాదు.

గొడవకు మొదటి నిప్పు అవతలి ఇంటి చుట్టం వేశాడు. వెంకటరత్నం గారి బావమరిది ఎవరో పెద్ద ఉద్యోగి. చుట్టపుచూపుగా వచ్చి, తొట్టిని చూసి, మేమందరం వింటుండగా, "చూశారా రాజయ్య గారూ! ఇన్ని రంగులు ఒక్క నీళ్ళలో హాయిగా బతుకుతున్నాయి. మనుషులకేనా విడిపోవాలని ఈ గోల?" అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ ఓదెలు కాక విన్నాడు. ఆ పెద్దమనిషి అన్న ఆ ఒక్క మాట మీద నాకున్న కోపం, తర్వాత కాక చేసిన దాని మీద ఉన్న కోపానికి ఏ మాత్రం తక్కువ కాదు. బతికున్న ప్రాణులను తెచ్చి తన వాదానికి ఆధారంగా నిలబెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఆ చేపలు హాయిగా ఉండటానికి కారణం ఐకమత్యం కాదు. సరైన ఎంపిక, సరైన కిక్కిరింపు, ప్రతి వారం నీళ్ళు మార్చే బాపు నడుము నొప్పి.

మాట శిబిరానికి చేరింది. మరుసటి రోజుకల్లా మా తొట్టి తొట్టిగా లేదు. అందరి నోళ్ళలో అది ఉపమానం అయిపోయింది. ఆ సాయంత్రం ఓదెలు కాక, మా పాత ఊరి నుంచి వచ్చి కాలనీలో స్థిరపడ్డ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇద్దరూ అన్నదమ్ముల పంపకాలు చేయడంలో పేరున్నవాళ్ళు. మావాళ్ళలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్ళు చేస్తాడు, రెండోవాడు ముందుగా తనకు నచ్చిన పాలు కోరుకుంటాడు; ఎద్దులైనా, బిందెలైనా, కోళ్ళైనా రకానికి సగం. ఒకసారి పంచాక పెద్దమనుషుల ఎదుట కాకుండా మళ్ళీ కలపకూడదు. అది వాళ్ళ మాటను తీసేసినట్టు.

"అన్నా, తొట్టి సంగతి తేల్చుకోవాలె," అన్నాడు కాక.

"తేల్చుడేముందిరా దాంట్ల? చేపలు ఈదుతున్నయి," అన్నాడు బాపు.

"ఈదుతున్నయి గని, నీళ్ళు మనయి, కరెంటు వాళ్ళది. రేపు స్విచ్చి బంద్ చేస్తే ఏంజేస్తవు?"

వెంకటరత్నం గారి ముఖం కందిపోయింది. "ఇన్నేళ్ళుగా ఆపనివాణ్ణి, ఇప్పుడెందుకు ఆపుతానయ్యా ఓదెలూ? సరే, పంచుకోమంటే పంచుకుందాం. నా మూలంగా మీ అన్నదమ్ముల మధ్య మాట రావద్దు," అని బాపు వైపు చూశాడు. 'వద్దు సారూ' అనే ఒక్క మాట కోసం చూశాడు. ఆ మాట బాపు నోటి నుంచి రాలేదు. నా కోపంలో బాపుకు కూడా భాగం ఉన్నది ఇందుకే.

ఇద్దరు పెద్దమనుషుల్లో పెద్దాయన నన్ను పిలిచాడు. "చదువుకున్న పిల్లవు, మగయేవి ఆడయేవి చెప్పు బిడ్డ. జతలు జతలు పంచుదాం."

"చూస్తే తెల్వది తాతా. ఈ నాలుగు రకాలల్ల ఆడ మగ ఒక్కతీర్గనే ఉంటయి."

"ఏం చేపలే ఇవి? మొగోడెవడో తెల్వకుంట సంసారమెట్ల జేస్తున్నయి?"

"వాటికి తెలుసులే పెద్దయ్యా, నీకు తెల్వకుంటె వచ్చిన నష్టమేంది," అని లోపలి నుంచి అవ్వ. అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గకముందే నేను చెప్పాల్సింది చెప్పాలని అందుకున్నాను. "వీటిని సగం చేస్తే బతకవు తాతా. గుంపు మీదనే వీటి పానం ఉంది. సగం తగ్గితే బలమున్నది బలం లేనిదాన్ని ఏరి కొట్టి సంపుతది. పంచుడే కావాలంటే అన్నీ ఒక్క ఇంటికే ఇయ్యుండ్రి."

"ఏందే, అన్నీ వాళ్ళకే ఇద్దామంటవా?" అన్నాడు కాక.

"అయితే అన్నీ మనమే పెట్టుకుందాం."

కాక ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "గట్లైతే వాళ్ళకు అన్యాయమైతది గద," అన్నాడు. పెద్దమనుషులు ఇద్దరూ తలలూపారు. మేము న్యాయం తప్పినవాళ్ళం అనిపించుకోకూడదు. అదీ వాళ్ళ పట్టుదల. ద్వేషంతో చంపి ఉంటే నాకు అర్థమయ్యేది. న్యాయం పేరుతో, ఎవరికీ ఒక్క చేప ఎక్కువ పోకూడదనే నిజాయితీతో వాటిని చంపారు. ఆరులో సగం మూడు. లెక్క అంత సులువుగా కుదరడమే వాటి ప్రాణాలు తీసింది.

పెద్దవాడు కనుక బాపు పాళ్ళు చేశాడు. ఒక్కో రకం మూడు చొప్పున రెండు బకెట్లలో వేశాడు. వలతో పట్టేటప్పుడు ఒక ఎసీ జారి నేల మీద పడితే వెంకటరత్నం గారే వంగి రెండు చేతులతో తీసి నీళ్ళలో వదిలాడు. రాళ్ళను కూడా లెక్కబెట్టి పంచారు. తొట్టి మాకు, దానికి బదులుగా మోటారు, దీపం, ఫిల్టరు వాళ్ళకు. అంటే మా చేపలకు గాలి లేదు, వాళ్ళ చేపలకు ఇల్లు లేదు. వాళ్ళు ఇంకో చిన్న తొట్టి, మేము ఇంకో చిన్న మోటారు తెచ్చుకునే దాకా రెండు గుంపులూ బకెట్లలోనే తిరిగాయి. కాక తానే తాపీ పట్టుకుని అడ్డగోడలోని ఖాళీని ఇటుకలతో పూడ్చాడు. మా తొట్టిని ముందు గదిలోకి మార్చారు.

నేను చెప్పినట్టే జరిగింది. చెప్పినట్టే జరిగిందని చెప్పుకోవడంలో నాకు ఏ సంతోషమూ లేదు. మైంగానోల్లో ఒకటి తొట్టి తనదనుకుంది. మొదట తన పోలికే ఉన్న మిగతా రెండు మైంగానోలను రాళ్ళకు వేసి కొట్టింది. తర్వాత రస్టీలు, ఆ తర్వాత మూలన పైపు వెనుక దాక్కున్న పసుపువి. ఎసీలు గుంపుగా ఉంటేనే ధైర్యంగా ఉండేవి. మూడు గుంపు కాదు. చిరిగిన తోకలతో, పొలుసులు రాలిన పక్కలతో ఒక్కొక్కటే తేలేది. బాపు దాన్ని తీసి, పెరట్లో గుంట తవ్వి పెట్టి, డ్యూటీకి పోయేవాడు. అవతలి ఇంట్లో కూడా ఇదే వరుస అని వెంకటరత్నం గారి భార్య నీళ్ళ కుళాయి దగ్గర అవ్వతో చెప్పింది. అప్పటికింకా సగం మిగిలి ఉన్నాయి, కలిపితే బతుకుతాయి. నేను బాపును అడిగాను. "సారు ఒక్క మాటంటే నేనియ్యనా? పెద్దమనుషుల మాట గూడ తీసెయ్యాలె మరి," అన్నాడు. అవతలికి పోయి అడిగాను. "మీ నాన్నగారు ఒక్కసారి పిలిస్తే నేనే తెచ్చి పోస్తానమ్మా," అన్నాడాయన. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఇద్దరి మాటలూ మోశాను. ఇద్దరికీ ఎదుటివాడి నోటి నుంచే వినాలని ఉంది. అడ్డగోడ పూడ్చింది కాక, నిజమే; దాని మీదుగా తల ఎత్తితే ఒకరికొకరు కనబడేవారు. తల ఎత్తలేదు. అంత మంచివాళ్ళు ఇద్దరు అంత పనికిమాలిన పంతం పట్టడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

చివరికి మా తొట్టిలో ఒక్క మైంగానో మిగిలింది. వెంకటరత్నం గారి పదవీ విరమణ వచ్చింది. సామాను లారీకి ఎక్కుతుండగా ఆయన మూత పెట్టిన బకెట్టుతో మా గడపలో నిలబడ్డాడు.

"రాజయ్య గారూ, ఇదొక్కటే మిగిలిందండీ. లారీలో బతకదు."

బాపు మూత తీసి చూశాడు. అదీ మైంగానోనే. "మాకాడ గూడ గదే మిగిలింది సారు. రెండిటిని ఒక్కతాన ఇడిస్తే తెల్లారేవరకు ఒక్కటే ఉంటది. మీది నా చేతుల సావద్దు," అన్నాడు. వెంకటరత్నం గారు బకెట్టు కింద పెట్టలేదు, వెనక్కి తిరగనూ లేదు. నేను తొట్టి లోపలి వెడల్పు, నీటి ఎత్తు కొలిచి, అద్దాల దుకాణానికి సైకిలు తొక్కాను. నీళ్ళు అటూ ఇటూ పారడానికి కింది మూలలు కోయించి, తొట్టి నడుమ అడ్డంగా నిలబెట్టే గాజు పలక తెచ్చాను. రెండు వైపులా ప్లాస్టిక్ గాడి పట్టీలు బిగించాక, పలకను అటు అంచున బాపు, ఇటు అంచున వెంకటరత్నం గారు పట్టుకుని దించారు. పంచిన రోజు తర్వాత వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అది.

"పైన కూడా మూత ఉండాలండీ, ఎగిరి అటు పడుతుందేమో."

"పెడత సారు."

"అమ్మా, పాలకూరలో ఉప్పు వెయ్యరుగా?" అని ఆయన అవ్వను అడిగాడు.

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న ఏసిన్నా అన్నా?" అంది అవ్వ. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, లారీ తాళ్ళు సరిచూసే నెపంతో బయటికి పోయాడు. బాపు వీధి చివరి దాకా లారీ పక్కన నడిచాడు.

రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా గులాబి రంగు పొడి. నా జుట్టులో, అవ్వ చీర మీద, బాపు మీసాల మీద కూడా. ఆయన డ్యూటీ తెలుపు తప్ప ఇంకో రంగు పూసుకోవడం నేను మొదటిసారి చూశాను. సంతోషంగా ఉన్నాం. ఓదెలు కాక డప్పుల మధ్య నుంచి నేరుగా మా గదిలోకి వచ్చి, అన్నను కావలించుకుని, మిఠాయి తినిపించి, తొట్టి వైపు చూశాడు. పలకకు చెరో వైపు రెండు నీలి చేపలు. కాక ముఖం వెలిగింది. "గిదే గద అన్నా నేను మొదటి నుంచి మొత్తుకున్నది! నడుమ ఒక్క గీత గీస్తే ఇద్దరు మంచిగ..."

"ఓదెలూ!"

ఆ గొంతు మా ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. వాకిట్లో డప్పు కొట్టేవాడు కూడా ఆగి లోపలికి చూశాడు. బాపు నోట్లో ఇంకా మిఠాయి ఉంది. "అవి చేపలురా. చేపలు! రాష్ట్రం వచ్చింది, నేను గూడ రోడ్డు మీద కూసున్న దానికోసం. వీటి మీద ఇంకొక్క ముచ్చట జెప్పకు."

"ఏందన్నా, గమ్మతుకంటి."

"నీ గమ్మతుకు ఇరవై రెండు పానాలు పోయినయి. నడువు బయటికి."

కాక పోయాడు. తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నారు, పండుగలకు కలిసి తిన్నారు. కానీ బాపు ఉన్నంత కాలం కాక ఆ ముందు గదిలో నోరు తెరవలేదు. ఇప్పుడు తెరుస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. ఆనాడు నాలుగు రకాలు కుదర్చడానికి రెండు ఇళ్ళు నెలల తరబడి వాదించుకున్నాయి. ఈనాడు దుకాణంలో ఆఫ్రికా మిక్సు అని అన్నింటినీ ఒక్క సంచిలో కట్టి ఇస్తున్నారు. చస్తే ఇంకో సంచి. రవికి ఏవి కలుస్తాయో, ఎందుకు కలుస్తాయో, ఎన్ని ఉండాలో పూసగుచ్చినట్టు చెప్పి వచ్చాను. నేను ఈ ముచ్చట ఎవరికి చెప్పినా వాళ్ళు చివర ఒకే ప్రశ్న అడుగుతారు: అద్దానికి అటూ ఇటూ ఉన్న ఆ రెండు చేపలు ఎన్నాళ్ళు బతికాయి, ముందు ఏది పోయింది? నాకు బాగా గుర్తుంది. చెప్పను. చెబితే దానికి కూడా ఒక అర్థం తీస్తారు.